బెంగాలీ టీసీ

కంచరపాలెంలో మా వీధివాళ్ళు ఆయన్ని బెంగాలీ టీసీ అనేవారు. ఆయన బెంగాలీ కాదు. టీసీ ఉద్యోగం నుంచి దిగి కూడా పన్నెండేళ్ళు దాటింది. మొన్న గురువారం మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి, నాలుగింటికి టీకి లేపితే లేవలేదు. నేనప్పుడు ఆనందపురం జంక్షన్లో రాస్తారోకో వార్త కోసం నిలబడి ఉన్నాను. పిన్ని ఫోన్ చేసింది. "బాబూ, మీ బాబాయి లెగటం లేదు" అంది. ఏడవలేదు. ఆయన చేస్తున్న అల్లరి పని ఏదో నాతో చెప్పి మందలింపించాలన్నట్టు చెప్పింది.

మేం చుట్టాలం కాము. ఒకే గోడకి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. ఆ గోడ మీంచే కూరలు, పేపర్లు, కబుర్లు అటూ ఇటూ వెళ్ళేవి. నేను ఆయన్ని బాబాయ్, ఆయన భార్యని పిన్ని అనేవాణ్ణి. ఆయన నన్ను బావా అనేవాడు. నన్నే కాదు, పాలవాణ్ణీ బావా అనేవాడు, కార్పొరేటర్నీ బావా అనేవాడు. ఇదెక్కడి వరస అని మా ఆవిడ ఒకసారి నవ్వితే, "రైల్లో వరసలుండవమ్మా, బెర్తులే ఉంటాయి" అన్నాడు.

ఆయన తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి రైల్వే పని కోసం ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడట. ఈయన అక్కడి క్వార్టర్లలో పుట్టి, అక్కడి వీధుల్లో బంతాట ఆడి, ఆవనూనెలో వేయించిన చేప తిని పెరిగాడు. ముప్ఫై దాటాక వాల్తేరు బదిలీ మీద వచ్చాడు. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర నేర్చిన ఉత్తరాంధ్ర తెలుగు ఆయన నోట్లో అలాగే ఉండిపోయింది. మా వీధిలో కుర్రాళ్ళు మర్చిపోయిన మాటలు కూడా ఆయన అనేవాడు.

"అక్కడ మమ్మల్ని తెలెంగీ అనీవోరు బావా. ఇక్కడికొత్తే బెంగాలీ అంటన్నారు. నాను తెలుగోణ్ణయ్యింది ఎక్కడా అంటే, మజ్జిలో రైల్లోనే" అనేవాడు.

బీచిరోడ్డులో బెంగాల్ నుంచి వచ్చిన టూరిస్టులు కనిపిస్తే ఇక ఆయన్ని పట్టుకోలేకపోయేవాళ్ళం. వాళ్ళు అడక్కుండానే వెళ్ళి దారి చెప్పేవాడు. ఏ ఊరు, ఏ స్టేషన్లో ఎక్కారు, రైలు ఎంత లేటు, అన్నీ కనుక్కునేవాడు. బెంగాలీ మాట్లాడేటప్పుడు ఆయన భుజాలు కొంచెం పైకి లేచేవి, గొంతులో పాతికేళ్ళు తగ్గేవి. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని, "సూడు బాబూ, పెళ్ళికొడుకు" అనేది.

టీసీగా ఆయన ఎలాంటివాడో నాకు స్వయంగా తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో స్నేహితుడి పెళ్ళికని పలాస వెళ్ళే పాసింజరు ఎక్కాను. టికెట్ లేదు. కొత్తవలస దాటాక నల్లకోటు కనిపించింది. అప్పటికి మేం ఆ ఇంట్లోకి రాలేదు, నేనెవరో ఆయనకి తెలీదు. ఆయన నా ముందు ఆగాడు. నేను జేబులు తడుముకున్నాను. కావాలనే చాలాసేపు తడుముకున్నాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఎతుక్కో బావా, మళ్ళొత్తాను" అని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. విజయనగరంలో బండి ఆగితే పరిగెత్తి టికెట్ కొనుక్కొచ్చాను. ఆయన మళ్ళీ వచ్చాడు. అది ఏ స్టేషన్లో కొన్నదో దాని మీదే అచ్చయి ఉంది. చదివాడు. వెనక్కి ఇచ్చి, "దొరికిందే" అన్నాడు.

అలాగని మెత్తటి మనిషి కాదు. రెండోసారి వచ్చేటప్పటికీ టికెట్ లేకపోతే దింపేసేవాడు. ముసలివాళ్ళయినా, మొక్కులకి వెళ్ళేవాళ్ళయినా దింపేవాడు. దింపాక కిటికీలోంచి వాళ్ళ వైపు చూసేవాడు కాదు.

ఈ మధ్య రెండు మూడేళ్ళుగా రైల్వే గేటు దగ్గర టీ కొట్టులో వేరే సంగతి ఉండేది కాదు. టీవీల్లో అదే, ఫోన్లలో అదే. సరిహద్దు దాటి వచ్చేసినవాళ్ళని ఏరి పంపెయ్యాలని ఒకళ్ళు, ఆ పేరు చెప్పి ఒక జాతినీ ఒక మతాన్నీ వేటాడుతున్నారని ఒకళ్ళు. మా కొట్టులో ఈ వాదన ముఖ్యంగా ఇద్దరిది. ఒకడు అప్పన్న, టైల్స్ మేస్త్రీ. ఇంకొకాయన సత్యం మాస్టారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయినాయన.

"మదురవాడ ఎళ్ళి సూడండి మాస్టారూ. అపార్ట్‌మెంటు పనులన్నీ ఆ బెంగాలీవోళ్ళే. పన్నెండు మంది ఒక రేకుల షెడ్డులో పడుకుంటారు. ఆళ్ళు సేసే రేటుకి నాను సెయ్యలేను. నాకు పిల్లలున్నారు" అనేవాడు అప్పన్న.

"మన శ్రీకాకుళం వాళ్ళు సూరత్ వెళ్ళలేదా, అండమాన్ వెళ్ళలేదా? గడ్డం, లుంగీ చూసి పట్టుకోవడం సరిహద్దు కాపలా కాదోయ్. దాన్ని జాత్యహంకారం అంటారు."

"అంటే నాను జాత్యహంకారినా? నా పని పోయిందని సెప్పుకుంటే అదీ తప్పేనా? నాను ఒక్కణ్ణయినా కొట్టేనా, తిట్టేనా?"

గొంతులు పెరిగాక బాబాయి సాసర్లో టీ ఊదుకుంటూ తేల్చేసేవాడు. "టికెట్టుంటే కూకోమను. లేకపోతే దిగమను. ఇందులో కోపమేటి, జాలేటి?"

ఇద్దరూ ఊరుకునేవారు. ఆయన చెబితే అంత సులువుగా ఉండేది.

నిరుడు వేసవికి ముందు ఒక పొద్దుట మధురవాడ వైపు తనిఖీలు జరిగాయి. బెంగాలీ మాట్లాడే కూలీలని ఇరవై ముప్ఫై మందిని ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టారు. వార్త కోసం వెళ్ళాను. అక్కడ ఉన్న ఇన్‌స్పెక్టర్ మంచివాడే. చిరాకుగా ఉన్నాడు. "పైనుంచి లిస్టు అడుగుతున్నారు సార్. వీళ్ళ మాట మాకు తెలీదు. కార్డులు చూస్తే అన్నీ అసలువాటిలాగే ఉన్నాయి. బెంగాలీ తెలిసినవాళ్ళు మీకెవరైనా తెలుసా?" అన్నాడు.

తెలుసు అన్నాను. అన్నది నేనే. బండి మీద కంచరపాలెం వెళ్ళి తీసుకొచ్చింది కూడా నేనే.

బాబాయి నల్లకోటు ఇస్త్రీ చేయమన్నాడు. "రిటైరయిపోయిన కోటు ఇప్పుడెందుకు?" అంది పిన్ని. "డూటీ" అన్నాడు.

మండపంలో ఆయన ఒక్కొక్కరి దగ్గరా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పది నిమిషాల్లో ఆ హాలు గాలే మారింది. పొద్దున్నుంచీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నవాళ్ళు తలెత్తారు. ఏ జిల్లా, ఏ స్టేషన్, ఆ స్టేషన్ బయట మిఠాయి కొట్టు ఇంకా ఉందా, ఇలా అడుగుతున్నాడని వాళ్ళ నవ్వుల్ని బట్టి తెలుస్తోంది. ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను.

వరసలో చివరికి దగ్గర్లో రఫీకుల్ అనే అతను కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. టైల్స్ పని. పాదాల మీద సిమెంటు పొడి అలాగే ఉంది. అందరికంటే ఎక్కువ నవ్వింది అతనే. మాటల మధ్యలో "ఎక్టు పానీ దేబేన్?" అని చెయ్యి చాపాడు. కొంచెం నీళ్ళిస్తారా అని. బాబాయి తన సీసా ఇచ్చాడు. అతను గటగటా తాగాడు.

"ఏమంటారు సార్?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

బాబాయి నిలబడ్డాడు. చెవి మీది పెన్సిలు తీసి, దాంతో చూపిస్తూ చెప్పాడు. ఈయన మిద్నాపూర్, అనుమానం లేదు. ఈ ఇద్దరూ మాల్దా. రఫీకుల్ దగ్గరికొచ్చి ఆగాడు.

"ఈ కుర్రోడు మంచోడే. మాట మట్టుకు... నీళ్ళని పానీ అంటన్నాడు. మా ఖరగ్‌పూర్లో జల్ అంటాం. పానీ అంటే అది సరిహద్దుకి అటేపు మాట."

తనకి తెలిసిన ఒక వింత చెబుతున్నట్టు చెప్పాడు. కానిస్టేబుల్ పెన్ను కదిలింది. నేను చూశాను. బాబాయి చూడలేదు.

నాలుగేళ్ళు ఇక్కడ పనిచేసినవాడు కాబట్టి రఫీకుల్‌కి తెలుగు అర్థమైంది. "సార్, మాది ముర్షిదాబాద్ సార్. స్కూల్ సర్టిఫికెట్ ఊర్లో ఉంది. టైమియ్యండి సార్" అన్నాడు తెలుగులోనే.

"ఎంక్వైరీలో తేలిపోద్దిలే నాయనా" అని బాబాయి పక్కవాడి వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

మర్నాడు మా పేపర్లో ఫొటోతో వార్త వచ్చింది. 'భాషా నిపుణుడి సాయంతో గుర్తింపు' అని హెడ్డింగు. రాసింది నేను. ఫొటోలో నల్లకోటు వేసుకుని బాబాయి నిలబడి ఉన్నాడు, కింద రఫీకుల్ తలెత్తి ఆయన్నే చూస్తున్నాడు. బాబాయి రెండు కాపీలు కొన్నాడు. ఒకటి లామినేషన్ చేయించి హాల్లో మేకుకి తగిలించాడు.

మిగతావాళ్ళని నాలుగైదు రోజుల్లో వదిలేశారని విన్నాను. రఫీకుల్నీ, ఇంకో ఇద్దర్నీ ఎక్కడికో రైల్లో తీసుకెళ్ళారని కూడా విన్నాను. వేరే వార్తలు వచ్చిపడ్డాయి. నేను కనుక్కోలేదు.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున్న గోడవతల బెంగాలీ వినిపించింది. ఆడగొంతు. వెళ్ళి చూస్తే పాతికేళ్ళ పిల్ల, చంకలో మూడేళ్ళ పాప. పేరు సెలీనా. రఫీకుల్ భార్య. బెంగాలీ మాట్లాడే ముసలాయన కంచరపాలెంలో ఉన్నాడని ఎవరో చెప్తే, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. ఆయన ఏం చెప్పాడో ఆమెకి తెలీదు. తన మాట అర్థమయ్యే మనిషి ఈ ఊళ్ళో ఒకడున్నాడని మాత్రమే తెలుసు.

మొదట ఆమె చెప్పేది చెప్పినట్టు బాబాయి పిన్నికి తెలుగులో చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు. "ఏటంటంది బాబాయ్?" అన్నాను.

"మొగుణ్ణి సరిహద్దు దాటించి అటేపు తోసేసేరంట. పొలాల్లో వదిలేసేరంట. అటోళ్ళు మావోడు కాదంటన్నారంట. ఎవరిదో ఫోన్ తీసుకుని ఒక్కసారి మాటాడేడంట."

పిన్ని కళ్ళు గోడ మీది ఫొటోకి వెళ్ళాయి. సెలీనాకి తెలుగు చదవడం రాదు గానీ ఫొటో చూస్తే చాలు. బాబాయి మెల్లిగా లేచి, ఆ మేకుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆమె వెళ్ళేదాకా అక్కణ్ణించి కదల్లేదు. గంట పైన నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి.

ఆ వారంలోనే తన రైల్వే పాసు తీసి, సెలీనానీ పాపనీ వెంటబెట్టుకుని ముర్షిదాబాద్ బయల్దేరాడు. డెబ్భై రెండేళ్ళ వయసు. హౌరా దాకా ఒక రైలు, అక్కణ్ణించి ఇంకో రైలు, తర్వాత బస్సు, ఆ తర్వాత బ్యాటరీ రిక్షా. "నువ్వెళ్ళి ఏం సేత్తావు?" అని పిన్ని అడిగితే, "ఆడు టైమడిగేడు. నానివ్వలేదు" అన్నాడు.

మూడు వారాల తర్వాత వచ్చాడు. ఒళ్ళు సగమైపోయింది. వచ్చిన సాయంత్రం గోడ దగ్గరికి పిలిచి అంతా చెప్పాడు.

"భద్రక్ దాటినాక ఆ పిల్లకి సెప్పేసేను బావా. నీ మొగుడి మాట మీద అనుమానం పెట్టింది నానే అని."

"ఏమంది?"

"ఏటీ అన్లేదు. పాప నా ఒళ్ళో పడుకుంది. దాన్ని లేపి అటేపు కూకోబెట్టుకుంది." మోకాలు రాసుకున్నాడు. "హౌరాలో దిగినాక సంచీ మళ్ళీ నా సేతికే ఇచ్చింది. ఇంకెవుడున్నాడు మొయ్యడానికి?"

ఆ ఊళ్ళో రఫీకుల్ తల్లి పెరట్లో చాప వేసి కూర్చోబెట్టిందట. కోడలు ఆమెకి ఏమీ చెప్పలేదు. కొడుకు కోసం అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి అనుకుంది. చెంబు తెచ్చి, 'పానీ ఖాబేన్?' అంది, నీళ్ళు తాగుతారా అని.

"ముసిల్దీ పానీయే అంటంది. పిల్లలూ పానీయే. బోరింగు కాడ పానీయే. ఊరు ఊరంతా పానీయే బావా. బడి పంతుల్నడిగేను. మా ముసల్మానులం తాతల కాడ్నించీ పానీయే అంటావండీ, మా పక్కీది హిందువులు జల్ అంటారు, అది సరిహద్దు తేడా కాదండీ, ఈది తేడా అన్నాడు." గోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు దాన్నే చూసుకున్నాడు. "నాను బెంగాల్లో పుట్టి పెరిగేను. ఆ ఈదిలోకి ఒక్కపాలి కూడా ఎళ్ళలేదు."

బడి రిజిస్టరు నకలు తీయించాడు. రఫీకుల్ తాత పేరు మీదున్న పొలం కాయితం, పాత ఓటర్ల జాబితా సంపాదించాడు. అక్కడి కోర్టులో ఒక లాయరు కేసు వేస్తుంటే ఆయనకి ఇచ్చాడు. వాటితో పాటు తన చేత్తో ఒక వాంగ్మూలం రాసి సంతకం పెట్టాడు. 'నేను భాషా నిపుణుణ్ణి కాను. రిటైరయిన టికెట్ కలెక్టర్ని. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను' అని.

"అదే నీ పేపర్లో కూడా రాయి బావా" అన్నాడు. "నిపుణుడని రాసింది నువ్వే కదా. కాదని కూడా నువ్వే రాయాల."

ఆఫీసులో అడిగాను. అడిగానని చెప్పుకోడానికి అడిగాను. ఆరు లైన్లు రాసిస్తే డెస్కు వాళ్ళు పక్కన పెట్టారు. గోడ దగ్గరికొచ్చి ఆయనకి సంజాయిషీ చెప్పాను. "ఇప్పుడా గొడవెందుకంటున్నారు బాబాయ్. అటు రాస్తే దేశద్రోహులంటారు, ఇటు రాస్తే జాత్యహంకారులంటారు. మధ్యలో మేం నలిగిపోతాం."

"ఆళ్ళనీది సరే. నువ్వేటంటావు?"

ఫోన్ వచ్చినట్టు చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాను. ఆయన మళ్ళీ అడగలేదు.

పేపర్లో రాకపోయేసరికి ఆయనే టీ కొట్టుకి వెళ్ళి చెప్పాడు. పొద్దుటి పూట, అందరూ ఉన్నప్పుడు. బెంచీ మీద కూర్చోలేదు. నిలబడి, మొదట్నించీ చివరిదాకా, పానీ దగ్గర్నించి సెలీనా పాపని పక్కకి తీసుకోవడం దాకా చెప్పాడు. 

ముందు మాట్లాడింది అప్పన్న. "ఆ బిల్డింగు పని తరవాత నాకే ఒచ్చింది టీసీ గారూ. ఆడు సగం ఏసిన బాత్రూం నాను పూర్తి సేసేను. నీళ్ళు పోసి సూసేను. ఒక్క సుక్క నిలవలేదు. పనోడు." తల దించుకున్నాడు. "ఆణ్ణి తీసుకెళ్ళిపోయేరని ఇన్నప్పుడు సంతోషించేను. మీరొక్కరే కాదు."

సత్యం మాస్టారు ఏదో అనబోయారు. బాబాయి చెయ్యెత్తాడు. "నువ్వు గెలిసినట్టు సూడకు మాస్టారూ. నువ్వూ ఆ షెడ్డుకి ఎప్పుడూ ఎళ్ళలేదు."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "నిజమే" అన్నారు.

"సరిహద్దు ఒద్దని నాను ఇప్పుడు కూడా అనను" అన్నాడు బాబాయి. "టికెట్టు అడగాల. అది డూటీ. నువ్వెవడివి అని మట్టుకు అడగ్గూడదు. ముప్పయ్యేళ్ళు ఆ తేడా తెలిసే బతికేను. ఒక్కరోజు కోటేసుకుని మర్సిపోయేను."

కేసు నడిచినన్నాళ్ళూ ఆయన పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేవాడు. సెలీనా అత్తగారింట్లోనే ఉండిపోయింది. పదిరోజులకోసారి ఫోన్ చేసేది. ఆ తల్లి కూడా మాట్లాడేది. కేసు సంగతి కంటే ఆయన మోకాళ్ళ సంగతే ఎక్కువ అడిగేదట. ఏదో ఆకు కాచి కట్టుకోమని చెప్పేదట. ఆవిడతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక బాబాయి ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదని పిన్ని చెప్పింది.

పదకొండు నెలలకి రఫీకుల్ని సరిహద్దు అవతల్నించి వెనక్కి తెచ్చారు. కోర్టు ఆర్డరు మీద. ఆ వార్త తెలిసిన రోజు బాబాయి గోడ మీంచి నాకు లడ్డూ ఇచ్చాడు.  రెండు రోజులు ఆగి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

సెలీనా ఎత్తింది. ఆయన బెంగాలీలో ఏదో అన్నాడు. ఆమె అటు వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఆయన విన్నాడు. "అచ్ఛా, అచ్ఛా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"రాడంట ఫోనుకి. నా గొంతు ఆడికి గుర్తుందంట."

"కొన్నాళ్ళు పోతే..." అన్నాను.

"ఒద్దు బావా. ఆడికా హక్కు ఉంది" అని లోపలికి వెళ్ళి చొక్కా విప్పేశాడు.

ఆ తర్వాత ఆయన నోట బెంగాలీ నేను వినలేదు. డాక్టరు నడవమన్నాడని ఈ చలికాలంలో ఒకరోజు బీచిరోడ్డుకి తీసుకెళ్ళాను. శాలువాలు కప్పుకున్న కుటుంబం ఒకటి, తాతా నాయనమ్మా మనవలూ, మా దగ్గరికొచ్చి బెంగాలీలో ఏదో అడిగారు. బాబాయి హిందీలో జవాబు చెప్పాడు. వాళ్ళు ముందుకెళ్ళాక నాయనమ్మ మనవడితో ఏదో అంటూ నవ్వింది. బాబాయి ఆ మాటకి పెదవి కదిపి, ఆపుకుని, సముద్రం వైపు తిరిగాడు. నేను చూడనట్టు నటించాను. ఒక మనిషికి బాల్యం అంతా ఏ భాషలో ఉందో ఆ భాషని నోట్లోనే నొక్కి పెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలీదు. పిన్ని మాత్రం ఒక మాట చెప్పింది. "నిద్దర్లో మాటాడతాడు బాబూ. అదే మాటలు. లెగిసేక నానేటీ అన్లేదు అంటాడు."

పోయినప్పుడు కూడా ఏదో అన్నాడేమో. ఆ మధ్యాహ్నం పిన్ని పెరట్లో ఉంది.

దహనం అయిన మర్నాడు పిన్ని ఫోన్ నంబర్ల పుస్తకం నా చేతికిచ్చింది. "ఆళ్ళకి కూడా సెప్పు బాబూ. నాకు ఆళ్ళ మాట రాదు" అంది. నాకూ రాదు. అయినా నంబరు కలిపాను. సెలీనా ఎత్తుతుందనుకున్నాను. మగగొంతు వచ్చింది.

నా పేరు చెప్పాను, వైజాగ్ నుంచి అన్నాను.

"సెప్పండి" అన్నాడు. తెలుగులో. మధురవాడలో నేర్చిన తెలుగు.

"ఆ రోజు పేపర్లో వార్త రాసింది నేనే" అన్నాను. ఏది ముందు చెప్పాలో తెలియక అదే ముందు వచ్చేసింది.

"తెల్సు."

"టీసీ గారు పోయారు."

 అటు మేకపిల్ల ఏదో అరుస్తోంది. దూరంగా ఎవరో గిన్నెలు తోముతున్నారు. ఫోన్ కట్టయిందేమో అని చెవి దగ్గర్నించి తీసి చూసుకున్నాను. కట్ కాలేదు.

"ఎప్పుడు?"

"గురువారం. నిద్రలోనే."

"నాకు ఆయన మీద కోపం సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. "పొలంలో మూడు రోజులున్నాను. ఇటు రానివ్వరు, అటు పోనివ్వరు. ఆ మూడు రోజులూ ఆయన మొహమే. సీసా ఇచ్చిన చెయ్యి. ఇప్పటికీ కోపమే. ఆయన మా కోసం తిరిగాడంట, రాసిచ్చాడంట, సెలీనా సెప్పింది. అయినా పోలేదు."

"తప్పు లేదు" అన్నాను. 

"అమ్మకి ఇవేమీ తెల్దు. సెలీనా సెప్పలేదు, నేనూ సెప్పలేదు. అమ్మ వారం వారం అడుగుతాది, వైజాగ్ దాదా కాళ్ళు ఎలాగున్నాయని. వచ్చే ఏడు మామిడిపళ్ళకి రమ్మను అంటాది." మంచం కిర్రుమంది. "ఉండండి."

ఫోన్ కింద పెట్టినట్టున్నాడు. అడుగుల చప్పుడు దూరమైంది. బెంగాలీలో ఒకే ఒక్క వాక్యం, చిన్నది. దాని తర్వాత ముసలామె గొంతు. మొదట అడిగినట్టుగా ఉంది. మళ్ళీ అడిగింది. ఆ తర్వాత అడగడం మాని, మా ఊళ్ళలో అన్న పోతే ఆడవాళ్ళు ఏడ్చినట్టే, దాదా దాదా అని పిలుస్తూ రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. కొడుకు ఏదో అంటున్నాడు. ఆమె వినడం లేదు.

చాలాసేపటికి అతను ఫోన్ తీసుకున్నాడు.

"పెట్టెయ్యండి సార్. అమ్మ దగ్గర కూర్చోవాలి."